మెరుపులు గుర్తుంటాయి, ముల్లర్ గుర్తుండడు

2014 జులై 13న బ్రెజిల్‌లోని మారకానా మైదానంలో ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఫైనల్ 88వ నిమిషానికి చేరేసరికి అటు జర్మనీకి గానీ ఇటు అర్జెంటీనాకు గానీ ఒక్క గోల్ లేదు. అప్పుడు జర్మనీ కోచ్ యోఆహిమ్ లోవ్ ఒక మార్పు చేశాడు. ముప్ఫై ఆరేళ్ల మిరోస్లావ్ క్లోజె బయటికి వచ్చాడు. ఇరవై రెండేళ్ల మారియో గోట్జె లోపలికి వెళ్లాడు. అదనపు సమయంలో, 113వ నిమిషాన, ఎడమవైపు నుంచి ఆండ్రీ షుర్లె వేసిన బంతిని గోట్జె ఛాతీతో దించుకుని, అది నేలను తాకేలోపే ఎడమకాలితో కొట్టాడు. కప్పు జర్మనీది అయింది.

గోల్ అందరికీ గుర్తుంది. నాకు మాత్రం మైదానం అంచున ఆ ఇద్దరూ ఎదురుపడిన క్షణమే పదే పదే కళ్లముందు మెదులుతుంది. బయటికి వస్తున్నవాడు నాలుగు ప్రపంచకప్పుల్లో వరసగా 5, 5, 4, 2 చొప్పున 16 గోల్స్ కొట్టినవాడు. ఆ రోజుకు ప్రపంచకప్ చరిత్రలో అంతకు మించి కొట్టినవాడు లేడు. లోపలికి వెళ్తున్నవాడు అదే టోర్నమెంటు మధ్యలో తుది జట్టులో చోటు పోగొట్టుకున్నవాడు. నేనూ నా మిత్రుడూ ఏళ్ల తరబడి చేస్తున్న వాదన మొత్తం ఆ ఒక్క మార్పులో ఇమిడిపోయింది.

మిత్రుడు మెరుపుల పక్షం. నేను నిలకడ పక్షం. ఆ రాత్రి మ్యాచ్ ముగియగానే అతను ఫోను చేసి, "పన్నెండేళ్ల నిలకడను బయట కూర్చోబెడితే ఒక్క మెరుపు కప్పు తెచ్చింది. ఇంకేం కావాలి నీకు?" అన్నాడు. నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. తెల్లారాక దొరికింది. గ్రూప్ దశలో ఘనా మీద జర్మనీ 2-1తో వెనకబడినప్పుడు బెంచీ మీది నుంచి లేచి వచ్చి, నిమిషాల్లోనే స్కోరు సమం చేసింది ఎవరు? క్లోజె. ఎలా కొట్టాడు? కార్నర్ నుంచి వచ్చిన బంతి మరొకరి తలకు తగిలి గోల్‌పోస్టు వైపు జారుతుంటే, దాని దారికి అడ్డంగా కాలు చాచాడు. అంతే. దాన్ని ఎవరూ పోస్టరు చేయరు. ఆ గోల్ అందంగా ఉందని నేనూ అనను.

ఆ కాలు అక్కడికి ఎలా వచ్చిందన్నదే నా ప్రశ్న.

ముందుగా ఒక మాట ఒప్పుకోవాలి. నిలకడ పక్షం వాళ్లలో ఒక జబ్బు ఉంది. ఆటగాడి నిలకడను మేము అతని గుణంగా, ఇంకా చెప్పాలంటే అతని సంస్కారంగా చూస్తాం. రోజూ గోల్ కొట్టేవాడు బుద్ధిమంతుడు, పద్ధతైనవాడు. ఏ నాలుగు మ్యాచ్‌లకో ఒకసారి మెరిసేవాడు సోమరి, గాలివాటం మనిషి, "ఒళ్లు వంచితే ఎంతటివాడయ్యేవాడో" అని నిట్టూర్పు విడవాల్సినవాడు. ఈ ధోరణితో నేనూ చాలా ఏళ్లు మాట్లాడాను. ఇప్పుడు ఆ మాటలు తలచుకుంటే సిగ్గేస్తుంది. ఆటను చూడకుండా స్కోరుకార్డును చూసి మనుషుల మీద తీర్పులు చెప్పడం అది.

సిగ్గుపడేలా చేసింది ఒక చిన్న లెక్క. కాగితం, పెన్సిలు ఉంటే ఎవరైనా వేసుకోవచ్చు.

రెండు మ్యాచ్‌లకు సగటున ఒక గోల్ కొట్టే స్ట్రైకర్‌ను ఊహించుకోండి. 38 మ్యాచ్‌ల లీగ్‌లో 19 గోల్స్. ఏ కోచ్ అయినా కళ్లకద్దుకునే సంఖ్య. ఇతని సత్తా సీజన్ మొదటి రోజు నుంచి చివరి రోజు దాకా వీసమెత్తు కూడా మారదనుకుందాం. మూడు పూటలా ఒకే తిండి, ఒకే నిద్ర, ఒకే గురి. దేవుడు చేసి పంపిన నిలకడ బొమ్మ. అయినా గోల్స్ సమానంగా పంచినట్టు రావు, వానచినుకుల్లా వాటి ఇష్టం వచ్చిన చోట పడతాయి. ఇలా అరుదుగా జరిగే ఘటనల కోసం గణితంలో పాయిజాన్ సూత్రం ఉంది. దాని ప్రకారం ఈ ఆటగాడు ఏ మ్యాచ్‌లోనైనా గోల్ లేకుండా ఇంటికెళ్లే అవకాశం 60 శాతం పైచిలుకు. అంటే 38 మ్యాచ్‌ల్లో దాదాపు 23 మ్యాచ్‌లు ఖాళీ చేతులే. పదకొండు పన్నెండు మ్యాచ్‌ల్లో ఒక్కో గోల్, మూడు నాలుగు మ్యాచ్‌ల్లో రెండేసి లేదా అంతకు మించి. వరసగా ఐదు మ్యాచ్‌లు గోల్ లేకుండా గడిచే కరవు సీజన్‌లో ఒక్కసారైనా రావడానికి అవకాశం ఎంతో తెలుసా? మూడింట రెండు వంతుల పైనే.

ఆ ఐదో మ్యాచ్ ముగిసిన రాత్రి మనం ఏమంటాం? "ఫామ్ పోయింది" అంటాం. విశ్లేషకులు అతని భుజాల వంపులో దిగులు కనిపెడతారు. కొత్త ఇల్లు కొన్నాడనీ, పెళ్లి కుదిరిందనీ, మనసు ఆట మీద లేదనీ కథలు పుడతాయి. తర్వాతి మ్యాచ్‌లో రెండు కొడితే "పులి మళ్లీ లేచింది" అంటాం. పులి పడుకున్నదీ లేదు, లేచిందీ లేదు. నాణెం ఎగరేస్తే వరసగా నాలుగుసార్లు బొరుసు పడ్డట్టే ఇదీ.

ఫుట్‌బాల్‌లో చిక్కంతా ఇక్కడే ఉంది. బాస్కెట్‌బాల్‌లో ఒక్కొక్కరు మ్యాచ్‌కు పదుల సార్లు గురి చూస్తారు. ఒక్క రాత్రిలోనే ఎవరి సత్తా ఏమిటో తేలిపోతుంది. ఇక్కడ ఖతార్‌లో జరిగిన 2022 ప్రపంచకప్ మొత్తం చూసినా 64 మ్యాచ్‌ల్లో 172 గోల్స్. మ్యాచ్‌కు మూడు కూడా లేవు, అవి కూడా రెండు జట్లకూ కలిపి. ఇంత కొద్ది సరుకుతో నిలకడను తూచాలనుకోవడం బియ్యం బస్తాలు తూచే కాటాలో ఆవగింజను పెట్టి ముల్లు వంక చూడటం లాంటిది.

మరి నిలకడ అనేది లేనే లేదా? ఉంది. మనం దాన్ని గోల్స్‌లో వెతుకుతున్నాం, అది ఉండేది వేరే చోట.

ఒకసారి పట్టుదలగా ఓ పని చేశాను. రికార్డు చేసి పెట్టుకున్న ఒక లీగ్ మ్యాచ్‌లో బంతిని చూడకుండా ఒకే ఒక్క స్ట్రైకర్‌ను చూడాలని కూర్చున్నాను. కెమెరా బంతి వెంట పోతుంది గనుక ఇది అనుకున్నంత తేలిక కాదు. తెర అంచున కనిపించినప్పుడల్లా పట్టుకోవాలి, మాయమైతే మళ్లీ వచ్చేదాకా కాచుక్కూర్చోవాలి. అతను డిఫెండర్ వెనక నుంచి ఒక్క అడుగు ముందుకొచ్చి పరుగు తీసిన ప్రతిసారీ పుస్తకంలో ఒక గీత పెట్టాను. విరామానికే పేజీ సగం నిండింది. ఆ పరుగుల్లో బంతి అతనికి అందినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగతావన్నీ వృథా. పాస్ ఇచ్చేవాడు అటు చూడలేదు, చూసినా బంతి ఎత్తుగా పోయింది, లేదా ఆఫ్‌సైడ్ జెండా లేచింది. ప్రతిసారీ అతను చేతులు దించుకుని, నడుచుకుంటూ వెనక్కి వచ్చి, డిఫెండర్ భుజం పక్కన నిలబడి, మళ్లీ మొదలుపెట్టేవాడు. 80వ నిమిషం దాటాక కూడా అదే పరుగు, అదే కోణం. నాకు గీతలు పెట్టడమే విసుగొచ్చింది, అతనికి పరుగెత్తడం విసుగు రాలేదు. ఆ మ్యాచ్‌లో అతను గోల్ కొట్టలేదు. మర్నాడు పత్రికలో అతనికి పదికి ఐదు మార్కులు వేశారు.

ఆ పేజీ చూశాకే నాకు పాతకాలపు పశ్చిమ జర్మనీ స్ట్రైకర్ గెర్డ్ ముల్లర్ అర్థమయ్యాడు.

ముల్లర్ లెక్కలు వింటే ముందు నమ్మబుద్ధి కాదు. జర్మనీ లీగ్ బుండెస్‌లీగాలో 427 మ్యాచ్‌లు, 365 గోల్స్. పశ్చిమ జర్మనీకి 62 మ్యాచ్‌లు, 68 గోల్స్. మ్యాచ్‌ల కన్నా గోల్స్ ఎక్కువ. ఇంత చేసిన మనిషి గోల్ ఒక్కటి చెప్పమని ఫుట్‌బాల్ అభిమానిని అడగండి. మారడోనా గోల్‌ను చేతులు ఊపుతూ వర్ణిస్తాడు, బంతి నేలను తాకకముందే జిదాన్ కొట్టిన వాలీని కుర్చీలోంచి లేచి ఆడి చూపిస్తాడు. ముల్లర్ దగ్గరికి వచ్చేసరికి "చాలా కొట్టాడు" అని ఊరుకుంటాడు.

1974 జులై 7న మ్యూనిక్‌లో జరిగిన ఫైనల్లో అతను కొట్టిన గోల్‌నే తీసుకుందాం. నెదర్లాండ్స్‌తో స్కోరు 1-1. 43వ నిమిషం. కుడివైపు నుంచి దూసుకొచ్చిన రైనర్ బాన్‌హోఫ్ బంతిని గోల్ ముందుకు నెట్టాడు. ముల్లర్ వేగంలో బంతిని దాటిపోయాడు. కాలికి తగిలిన బంతి అతని వెనక్కి జారింది. మామూలుగా అయితే అవకాశం అక్కడితో సరి, స్టేడియమంతా తల పట్టుకోవాలి. అతను ఒక అడుగు వెనక్కి వేసి, పొట్టి కాళ్ల మీద సగం తిరుగుతూనే, కుడికాలితో నేలబారుగా కొట్టాడు. గట్టిగా కూడా కొట్టలేదు. గోల్‌కీపర్ నిలబడ్డచోటే నిలబడి చూశాడు. అదే గెలుపు గోల్. ఇన్నేళ్లలో ఎన్నిసార్లు చూసినా నాకు అది బంతి జారిపోయిన గోల్‌గానే కనిపిస్తుంది. జారిపోయిన బంతి కూడా పనికొచ్చే చోట నిలబడటం అతని విద్య.

మనకు కాకతాళీయం అని ఒక మాట ఉంది. కాకి వాలడం, తాటిపండు పడటం ఒకేసారి జరిగితే అది కాకి ప్రజ్ఞ కాదని. సరే. కానీ ఆ కాకి రోజంతా ఆ చెట్టు మీదే వాలుతూ లేస్తూ ఉంటే? ఏ పండు ఎప్పుడు పడుతుందో దానికీ తెలియదు. ఏ చెట్టు కింద పళ్లు పడతాయో మాత్రం దానికి తెలుసు. ముల్లర్ గోల్స్‌ను అదృష్టం అన్నవాళ్లు పండును చూశారు, వాలడాలను లెక్కపెట్టలేదు.

ఇంతవరకు మిత్రుడికి కోపం తెప్పించే మాటలే చెప్పాను. ఇక నా పక్షం వాళ్లకు కోపం తెప్పించాలి.

మెరిసే ఆటగాడిది నిలకడలేమి అనడంలోనూ ఇదే పొరపాటు ఉంది. మైదానం అంచు వెంట దాడికి వెళ్లే వింగర్ ఒకడు ఇద్దరు డిఫెండర్ల మధ్యలోంచి బంతితో దూరబోతాడు. పదిసార్లు ప్రయత్నిస్తే ఏడుసార్లు బంతి పోతుంది. ఆ ఏడుసార్లూ స్టేడియం గొణుగుతుంది. మిగిలిన మూడింట్లో ఒకటి గోల్ అయితే మెరుపు అంటాం. అతను పదిసార్లూ చేసింది ఒకే పని. ఆ పని కష్టమైంది గనుక తక్కువసార్లు కుదిరింది. పది అడుగుల పాస్ పదికి పదిసార్లు ఇచ్చేవాడు నిలకడైనవాడనీ, ఇతను కాదనీ అంటే, రోజూ చెరువులో ఈదేవాడు సముద్రం ఈదబోయేవాడికి పాఠాలు చెప్పినట్టే.

అర్యెన్ రాబెన్ ఎడమకాలి ఆటగాడు. కుడివైపు ఆడేవాడు. బంతి అందగానే ఏం చేస్తాడో ప్రపంచంలో ప్రతి డిఫెండర్‌కూ తెలుసు. గీత వెంట వెళ్తున్నట్టు వెళ్లి లోపలికి కోసుకొచ్చి ఎడమకాలితో దూరపు మూలకు కొడతాడు. తెలిసీ ఆపలేకపోయారు. ఒక్క గోల్ చూస్తే మెరుపు, పదేళ్ల గోల్స్ వరసగా పెట్టి చూస్తే ఒకే మనిషి ఒకే సంతకం మళ్లీ మళ్లీ పెడుతున్నట్టుంటుంది. ఇది మెరుపా, నిలకడా? మిత్రుడూ నేనూ ఇద్దరం రాబెన్‌ను మా జట్టువాడే అంటాం, అదో తమాషా.

మాట్ లె టిసియర్ సంగతి ఇంకా విచిత్రం. ఇంగ్లండ్ క్లబ్బు సౌతాంప్టన్‌లోనే 1986 నుంచి 2002 దాకా ఆడినవాడు. ఇద్దరి తలల మీదుగా బంతిని ఎత్తి దించి గోల్ కొట్టగలడు, ఆ తర్వాత అరగంట నడుస్తూ కాలం గడపగలడు. అతని పేరు వినగానే నిలకడలేని మేధావి అనే ముద్ర గుర్తొస్తుంది. ఇంగ్లండ్ జట్టుకు ఆడింది ఎనిమిది మ్యాచ్‌లే. అదే మనిషి క్లబ్బు తరఫున 48 పెనాల్టీలు తీసుకుని 47 గోల్ చేశాడు. పెనాల్టీలు సాధారణంగా నాలుగింట మూడు పడతాయి. బంతి కదలకుండా, అందరూ తననే చూస్తుండగా, తప్పితే పరువుపోయే చోట 48కి 47. మరి ఆటగాడి నిలకడను ఎక్కడ కొలిచినట్టు?

కాబట్టి అసలు విభజన మెరిసేవాడికీ నిలకడైనవాడికీ మధ్య లేదని ఇప్పుడు నాకనిపిస్తుంది. ప్రయత్నం ఆపనివాడికీ, మాయమయ్యేవాడికీ మధ్య ఉంది. మూడుసార్లు బంతి పోగొట్టుకున్నాక నాలుగోసారి కూడా బంతి అడిగేవాడు ఒక రకం. మూడోసారి తర్వాత డిఫెండర్ నీడలో దాక్కుని, బంతి తన దగ్గరికి రాకుండా జాగ్రత్తగా నడిచేవాడు ఇంకో రకం. రెండోవాడు దొరికిపోడు. తప్పులు చేయడు గనుక మార్కులు కూడా పోవు. అతన్ని ఎవరూ తిట్టరు. నాకు మాత్రం ఆటలో అన్నిటికన్నా ఒళ్లు మండేది ఆ రకాన్ని చూస్తేనే. ఎంతటి నైపుణ్యం ఉన్నా సరే.

ఈ కొలతతో చూస్తే ఈడెన్ హజార్డ్ 2015-16 సీజన్ నన్ను ఇప్పటికీ ఇబ్బంది పెడుతుంది. అంతకు ముందు ఏడాది చెల్సీకి లీగ్ గెలిపించి, ఇంగ్లండ్‌లో ఆటగాళ్లు ఓటేసి ఎన్నుకునే ఉత్తమ ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. ఆ మరుసటి సీజన్‌లో ఏప్రిల్ మూడో వారం దాటేదాకా లీగ్‌లో ఒక్క గోల్ లేదు. దీన్ని పాయిజాన్ సూత్రం మీద నెట్టేయలేను. చాలా మ్యాచ్‌ల్లో అతను నిజంగానే మాయమయ్యాడు. గాయాలూ ఉన్నాయి, జట్టే కుదేలైంది, కోచ్ మారాడు, అన్నీ నిజమే. అయినా నా పుస్తకంలో అతనికి గీతలు పడేవి కావు.

అలాంటి సీజన్ చివర, 2016 మే 2న, టోటెన్‌హామ్‌తో మ్యాచ్. విరామానికి టోటెన్‌హామ్ 2-0 ముందంజలో ఉంది. ఆ మ్యాచ్ టోటెన్‌హామ్ గెలవకపోతే లీగ్ లెస్టర్ సిటీది. చెల్సీ ఒకటి తిరిగి ఇచ్చింది. 83వ నిమిషంలో హజార్డ్ బంతి అందుకుని, డియెగో కోస్టాతో పాస్ ఇచ్చిపుచ్చుకుని, పెనాల్టీ బాక్స్ అంచు నుంచి కుడికాలితో వంపు తిప్పి పై మూలకు కొట్టాడు. 2-2. లెస్టర్ ఛాంపియన్. ఆ సీజన్ మొత్తంలో హజార్డ్ లీగ్ గోల్స్ నాలుగు. వాటిలో ఒకటి తన జట్టుకు ఏమీ తేలేదు గానీ, ఇంగ్లండ్ ఫుట్‌బాల్ చరిత్రలోనే అత్యంత నమ్మశక్యం కాని టైటిల్‌ను ఇంకొకరి చేతిలో పెట్టింది. మిత్రుడు ఈ గోల్‌ను తరచూ నా మీదికి విసురుతాడు. తప్పించుకోవడానికి నా దగ్గర దారి లేదు.

ఇంకో ఉదాహరణ కూడా అతనిదే, దానికి మాత్రం జవాబుంది. 1982 ప్రపంచకప్‌లో పౌలో రోసి. బెట్టింగ్ కుంభకోణంలో రెండేళ్ల నిషేధం ముగించుకుని అప్పుడే వచ్చాడు. మొదటి నాలుగు మ్యాచ్‌ల్లో గోల్ లేదు. గోల్ లేకపోవడం సరే, ఆటే లేదు. కోచ్ ఎంజో బేర్జోట్ అందరి తిట్లూ భరించి అతన్నే ఆడించాడు. జులై 5న బ్రెజిల్ మీద రోసి మూడు కొట్టాడు. ఇటలీ 3-2తో గెలిచింది. సెమీఫైనల్లో పోలండ్ మీద రెండు, ఫైనల్లో పశ్చిమ జర్మనీ మీద ఒకటి. ఆరు గోల్స్‌తో టోర్నమెంటులో అందరికన్నా పైన నిలిచాడు. "ఓపిక పడితే మెరుపు వస్తుంది, చూశావా" అంటాడు మిత్రుడు. నేనంటాను, ఓపిక పట్టినా రాని మెరుపుల చిట్టా ఎవరు రాసి పెట్టారు? నాలుగు మ్యాచ్‌ల తర్వాత ఐదోది కూడా అలాగే పోయి, జట్టు ఇంటికొచ్చి, కోచ్ ఉద్యోగం ఊడిన కథలకు లెక్క లేదు. వాటిని ఎవరూ మళ్లీ చెప్పుకోరు గనుక ఓపిక ఎప్పుడూ ఫలించేదిగా కనిపిస్తుంది. బేర్జోట్ చేసింది గొప్ప పనే. అది పందెం కూడా.

ఆ పందెం డబ్బు ఎవరు కడతారన్నది ఎవరూ పట్టించుకోని సంగతి. వింగర్ బంతి పోగొట్టుకున్న ఏడుసార్లూ అతని వెనక అదే అంచున కాపలా కాసే డిఫెండర్, అంటే ఫుల్‌బ్యాక్, నలభై గజాలు వెనక్కి పరుగెత్తాలి. మధ్యలో ఆడేవాడు తన చోటు వదిలి పక్కకు జరగాలి. మెరుపు ఒకరిది, దాని కరెంటు బిల్లు పదిమందిది. పెద్ద జట్టు ఆ బిల్లు కట్టగలదు. బంతి ఎక్కువసేపు తన దగ్గరే ఉంటుంది, పోయినా వెంటనే లాక్కునేవాళ్లుంటారు. చిన్న జట్టుకు ప్రతి పోయిన బంతీ ప్రమాదమే. ఇంకోవైపు చిన్న జట్టుకే మెరుపు అవసరం ఎక్కువ. మ్యాచ్ మొత్తానికి రెండో మూడో అవకాశాలు వచ్చే చోట, లేనిచోట అవకాశం పుట్టించేవాడు కావాలి కదా. సౌతాంప్టన్ లె టిసియర్‌ను అన్నేళ్లు నెత్తిన పెట్టుకున్నది ఊరికే కాదు. ఈ ముడి నాకు విడదీయడం రాలేదు. ఏ జట్టు, ఏ మ్యాచ్, ఎన్నో నిమిషం అని చూసుకోవాల్సిందే.

రొనాల్డినోను ఈ చర్చలోకి లాగేవాళ్లంటే నాకు చిరాకు. 2005 నవంబర్ 19న రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో అతని రెండో గోల్ చూసి ప్రత్యర్థి అభిమానులే లేచి చప్పట్లు కొట్టారు. 2008 వేసవికల్లా బార్సిలోనా వదిలేశాడు. అతను నిలకడలేనివాడు కాదు. శిఖరం మీద ఉన్నంతకాలం దాదాపు ప్రతి మ్యాచ్‌లోనూ ఆడాడు. ఆ కాలం తొందరగా ముగిసింది, అంతే. పది మ్యాచ్‌ల్లో ఒకటి ఆడటం వేరు, మూడేళ్లు ఆడి ఆగిపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకే తాడుతో కట్టేస్తారు.

మెస్సీని కూడా పక్కన పెట్టాలి. 2012-13లో వరసగా 21 లీగ్ మ్యాచ్‌ల్లో గోల్ కొట్టినవాడితో పోలిస్తే మిగతావాళ్లందరూ నిలకడలేనివాళ్లే అవుతారు. అలాంటి కొలబద్దతో ఎవరినీ కొలవలేం.

వీళ్లందరిలో నాకు బాగా నచ్చింది రాబర్ట్ లెవాండోస్కీ. నిలకడ అనే మాటకు బొమ్మ వేయమంటే నేను వేసేది అతన్నే. 2015 సెప్టెంబర్ 22న వోల్ఫ్స్‌బర్గ్‌తో మ్యాచ్‌లో బాయర్న్ మ్యూనిక్ 0-1తో వెనకబడి ఉంది, అతను బెంచీ మీద ఉన్నాడు. విరామం తర్వాత వచ్చాడు. 51, 52, 55, 57, 60 నిమిషాల్లో ఐదు గోల్స్. మొదటిదానికీ ఐదోదానికీ మధ్య తొమ్మిది నిమిషాలు కూడా లేదు. కోచ్ పెప్ గార్డియోలా రెండు చేతులతో తల పట్టుకుని చూస్తున్న దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫుట్‌బాల్‌లో ఇంతకన్నా పెద్ద మెరుపు నేను చూడలేదు. దాన్ని నిదానంగా మళ్లీ చూశాను. మూడో గోల్‌లో అతను కొట్టిన బంతి పోస్టుకు తగిలింది. తిరిగొచ్చింది, మళ్లీ కొట్టాడు, అడ్డుకున్నారు. ఇంకోసారి కొట్టాడు, వెళ్లింది. డిఫెండర్లు మొదటి దెబ్బకే ఆగిపోయి చూస్తున్నారు, అతనొక్కడే మూడుసార్లూ అక్కడ ఉన్నాడు. ముల్లర్ లాంటి గోల్. ఐదోదానికి గాలిలో అడ్డంగా ఎగిరి కత్తెరలా కాలు తిప్పి వాలీ కొట్టాడు. ఆ బంతి అందించింది మారియో గోట్జె.

ఈ సంగతి మిత్రుడికి చెబితే చాలాసేపు నవ్వాడు. "ఒప్పుకో, నీ నిలకడ మనిషికి కూడా చివరికి నా గోట్జె కావాల్సి వచ్చాడు" అన్నాడు.

అయినా మా వాదన ఆగలేదు. అతనికి ఒక అలవాటుంది. ఏటా ఏప్రిల్ 18న నాకొక వీడియో పంపుతాడు. 2007లో అదే తేదీన స్పెయిన్ కప్ సెమీఫైనల్ తొలి మ్యాచ్‌లో, పంతొమ్మిదేళ్ల మెస్సీ మైదానం మధ్యగీతకు ఇవతల బంతి అందుకుని, గెటాఫె ఆటగాళ్లను ఒక్కొక్కరినే దాటుకుంటూ, చివరికి గోల్‌కీపర్‌ను కూడా తప్పించి కొట్టిన గోల్. మారడోనా 1986 గోల్‌కు అచ్చు గుద్దినట్టు ఉంటుంది. ఆ మ్యాచ్ బార్సిలోనా 5-2తో గెలిచింది. ఈ ఏడాది వీడియో రాగానే ఎప్పటిలా మెచ్చుకోకుండా, రెండో మ్యాచ్ స్కోరు పంపాను. గెటాఫె 4, బార్సిలోనా 0. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపి చూస్తే 6-5, బార్సిలోనా ఇంటికి. నీ మెరుపు వాళ్లను ఫైనల్‌కు కూడా చేర్చలేదని రాశాను. ఇన్నేళ్లకు ఒక్క దెబ్బ తగిలిందనుకుని, ఫోను బల్ల మీద పెట్టి నీళ్లు తాగడానికి లేచాను.

తిరిగి వచ్చేసరికి జవాబు వచ్చి ఉంది. "ఆ రెండో మ్యాచ్‌లో మెస్సీ ఆడలేదు, తెలుసా?"